ఫ్లమెంకో గాయకుడి బతుకు: శ్రుతి అంకె నుంచి రాత్రి కూలి దాకా

ప్రశ్న: అర్ధరాత్రి శ్రోత

ఫ్లమెంకో అనగానే మనవాళ్ళకు గిటారు, కుచ్చుల గౌన్లు, మడమల చప్పుడు గుర్తొస్తాయి. బాగా తెలిసినవాళ్ళు మాత్రం ముందు పాట, తర్వాతే మిగతావి అంటారు. ఆ పాడేవాడి గురించి చదువుదామంటే దొరికేదంతా ఆవేశం, వేదన, నెత్తురు, మట్టి. పనిగా చెప్పేవాళ్ళు కనపడరు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పాట మొదలుపెట్టే ముందు గాయకుడు గిటారిస్టు వైపు వంగి ఒక అంకె లాంటిది చెప్తాడు. అదేమిటి? నొటేషన్ లేదు, పాఠ్యపుస్తకం లేదు. మరి "ఇతనికి పాట వచ్చు" అని దేన్నిబట్టి తేలుస్తారు? ఈ పనితో ఇల్లు గడుస్తుందా, పూర్వం ఎలా గడిచేది? ఇంకొకటి, ఆ గరగర గొంతు. పుట్టుకతో వచ్చేదా, పాడుచేసుకుని తెచ్చుకునేదా?

విడమరిచి చెప్పండి. నిడివి ఎక్కువైనా చదువుతాను.

జవాబు: నాలుగో మెట్టు

ఆ అంకె గిటారు మెడ మీది మెట్టు. తీగలన్నిటినీ ఒకేచోట అదిమిపెట్టే బిగింపును స్పెయిన్‌లో సెహీయా అంటారు, మన గిటారిస్టులకు కేపోగా తెలుసు. కాంతావోర్, అంటే ఫ్లమెంకో గాయకుడు, రెండు సంగతులు చెప్తాడు: సెహీయా ఎన్నో మెట్టు మీద, చెయ్యి ఏ పట్టులో. పట్టులు ముఖ్యంగా రెండు. "పోర్ అర్రీబా" అంటే మి (E) స్వరం ఆధారంగా, "పోర్ మేదియో" అంటే లా (A) స్వరం ఆధారంగా. "క్వాత్రో పోర్ మేదియో" అన్నాడంటే నాలుగో మెట్టు, లా పట్టు. ఇక శ్రుతి గురించి మాట్లాడాల్సిందేమీ లేదు.

మి నుంచి లాకు అయిదు మెట్లు. కాబట్టి "ఏడు పోర్ అర్రీబా" అన్నా, "రెండు పోర్ మేదియో" అన్నా ఆధార స్వరం ఒక్కటే. మోతే వేరు. ఏడో మెట్టు మీద తీగ పొట్టిదైపోయి గలగలమంటుంది, రెండో మెట్టు మీద బరువుగా మోగుతుంది. గొంతుకు ఏది సరిపోతుందో చూసుకుని, ఆ రెంటిలో ఏ మోత కావాలో గిటారిస్టుతో తేల్చుకుంటారు. సెగిరియా, తియెంతోస్ ఆనవాయితీగా పోర్ మేదియో. సోలెయా ఎక్కువగా పోర్ అర్రీబా. తరాంతా, గ్రనాయినాలకు సొంత పట్టులున్నాయి, వాటికి అంకె ఒక్కటే చెప్తే చాలు. ఈ పాట రకాల్ని పాలోలు అంటారు. గాయకుడికి ప్రతి పాలోకీ తన అంకె నోటికి వచ్చి ఉండాలి.

తప్పు జరిగేది ఇక్కడే. కొత్తవాళ్ళు మొదటి పంక్తి హాయిగా పలికేలా అంకె పెట్టుకుంటారు. పెట్టుకోవాల్సింది అన్నిటికన్నా పైకెళ్ళే పంక్తిని బట్టి, అది మూడో పద్యంలో వచ్చేదైనా సరే. రెండో తప్పు, నిన్నటి అంకెనే ఇవాళా చెప్పటం. చలి పట్టిన గొంతు, అప్పటికే గంటన్నర పాడిన గొంతు నిన్నటి గొంతు కావు. పద్యం ఎత్తుకునే ముందు "ఆయ్..." అని సాగదీసే భాగం ఉంటుంది, తెంప్లే అంటారు. వినేవాళ్ళకు అది మూలుగులా ఉంటుంది కానీ పాడేవాడికి అది కొలత: శ్రుతి ఎక్కడుంది, గొంతు ఎంతవరకు వస్తోంది అని చూసుకునే చోటు. అక్కడ తేడా తెలిస్తే ఒక మెట్టు దించమని గిటారిస్టును అడగటం నామోషీ కాదు. అడగకుండా వెళ్ళి పై పంక్తిలో పగలటమే నామోషీ.

ఇక తాళం. కోంపాస్ అంటారు, మన ఆవర్తం అనుకోండి. సోలెయాకు పన్నెండు దెబ్బలు, ఊనికలు 3, 6, 8, 10, 12 మీద. వేలి కణుపులతో బల్ల మీద కొట్టి చూడండి: మూడు, ఆరు అనేవరకు నడక దూరందూరంగా ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది, పది, పన్నెండు అని దగ్గరపడుతుంది. పంక్తి వచ్చి 10 దగ్గర వాలాలి, 11, 12 ఊపిరికి. తోక సాగదీస్తే గిటారిస్టు ముగింపు కొట్టలేక అక్కడే తిరుగుతుంటాడు. సెగిరియా కూడా పన్నెండే, కానీ దాన్ని 2, 2, 3, 3, 2గా విరుస్తారు. కాలు ఆడిస్తూ సమానంగా లెక్కపెట్టేవాడు అందులో మొదటి ఆవర్తంలోనే పడిపోతాడు. బులెరియాస్‌లో లెక్క 12 నుంచే మొదలవుతుంది, వేగం సోలెయాకు రెట్టింపు పైనే. తాంగోస్‌కు నాలుగు చాలు. గిటారే లేని పాటలు మార్తినేతే, తోనా. వీటిలో శ్రుతిని మోసేదీ గొంతే, కాపాడేదీ గొంతే.

జవాబు: పాత ప్లేటు

పైవారు శ్రుతి, తాళం చెప్పేశారు కాబట్టి "పాట రావటం" సంగతి నేను చెప్తాను.

ఇక్కడ మన అర్థంలో పాటలు లేవు. పాలో ఒక చట్రం. దానిలో ఊరి పేరునో మనిషి పేరునో పట్టుకుని నడిచే బాణీలుంటాయి. సోలెయానే తీసుకుంటే అల్కాలాది వేరు, త్రియానాది వేరు, ఉత్రేరాది, కాదిస్‌ది వేరు. అల్కాలా బాణీలు హొవాకీన్ ఎల్ దె ల పౌలా పేరు మీద, ఉత్రేరావి ల సెర్నేతా పేరు మీద, కాదిస్‌వి ఎన్రీకే ఎల్ మెయీసో పేరు మీద చెప్తారు. పద్యాన్ని లెత్రా అంటారు. అది విడి వస్తువు: ఒక లెత్రాను ఏ బాణీలోనైనా కూర్చవచ్చు, అక్షరాలు సరిపోతే. సోలెయాకు ఎనిమిదేసి అక్షరాల పంక్తులు మూడో నాలుగో. సెగిరియాకు 6, 6, 11, 6. ఆ పదకొండు అక్షరాల పంక్తే చిక్కు, దాన్ని మధ్యలో విరిచి పాడతారు. ఫాందాంగోలో పద్యం అయిదు పంక్తులదే అయినా ఒకటి తిప్పి పాడి ఆరు చేస్తారు.

కాబట్టి "వచ్చు" అంటే ఇదీ: గిటారిస్టు అల్కాలా నడకలో పెట్టాడనుకోండి, ఆ బాణీలు వరసగా నాలుగు, తక్కువ ఎత్తు నుంచి ఎక్కువ ఎత్తుకు పేర్చుకుంటూ, లెత్రాలు ఒకదానికొకటి పొసిగేలా, ఆఖర్న మాచో అనే గట్టి ముగింపుతో పాడగలగాలి. ముందుగా రాసుకున్న జాబితా ఉండదు. పెద్దలు చెవి పెట్టేది లిగార్ దగ్గర, అంటే రెండు పంక్తుల్ని ఊపిరి తీయకుండా ఒకటిగా కలపటం. ఊపిరి ఎక్కడ దొంగిలించాడో చటుక్కున పట్టేస్తారు.

నేర్చుకోవటానికి పద్ధతి చెప్తాను. ఒకే బాణీ తీసుకోండి. ముగ్గురు పాడింది వినండి, ముగ్గురూ వేర్వేరు తరాల వాళ్ళయితే మంచిది. మొదట లెత్రా రాసుకోండి, తర్వాత ప్రతి పంక్తి కింద ఏ దెబ్బ మీద మొదలైంది, ఏ దెబ్బ మీద వాలింది అని అంకెలు వేయండి. గొంతు ఎత్తకుండా కణుపులతో కొడుతూ మాటలు మాత్రమే పలకండి, తప్పకుండా వచ్చేదాకా. రాగం ఆ తర్వాత. చాలామంది రాగంతో మొదలుపెడతారు. అప్పుడు అలంకారాలు వస్తాయి కానీ పంక్తి ఎక్కడ వాలాలో తెలియదు.

పాత రికార్డుల్ని నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. నిమిషానికి 78 తిరుగుళ్ళు తిరిగే ప్లేటుకు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. తెంప్లే కుదించి, రెండు మూడు లెత్రాలు గబగబా దాటించి, ముగింపు తగిలించి వదిలేసేవాళ్ళు. పైగా ప్లేటు తిరిగే వేగం అటూఇటూ అయితే శ్రుతీ మారిపోతుంది, ఆ ప్లేటు విని అంకె పెట్టుకుంటే దెబ్బతింటారు. స్టూడియో హడావుడి లేకుండా వినాలంటే స్పెయిన్ ప్రభుత్వ టీవీ 1971–73 మధ్య ఊరూరా తిరిగి ఇళ్ళలో, సారా కొట్లలో చిత్రీకరించిన పాటలున్నాయి. ముసలివాళ్ళు కుర్చీ అంచున కూర్చుని ఎలా ఊపిరి తీస్తున్నారో కంటితో చూడవచ్చు. హెరెస్ పట్టణంలో ఆందలూసియా ఫ్లమెంకో పత్రభాండాగారం ఉంది, పాతవి చాలావరకు అక్కడ దొరుకుతాయి.

జవాబు: రాత్రి కూలి

ఇల్లు గడవటం గురించి. డబ్బు ఇచ్చేవాడు మారినప్పుడల్లా పాట ఆకారమూ మారింది.

మొదట్లో ఇది పనివాళ్ళ పాట. కమ్మరి కొలిమి, పశువధశాల, పొలాల్లో కూలీల కొట్టాలు. డబ్బు కోసం పాడటమనేది కాఫే కాంతాంతేలతో, అంటే పాట వినిపించే కాఫేలతో, స్థిరపడింది. గాయకుడు సిల్వేరియో ఫ్రాంకొనెత్తి (మరణం 1889) 1880ల్లో సెవియాలో సొంతంగా ఒకటి నడిపాడు. వేదిక, బల్లలు, రోజూ జీతం. అలా ఒక్క గాయకుడు అన్ని ఊళ్ళ బాణీలూ పాడే అలవాటు వచ్చింది, ఎందుకంటే వచ్చేవాడు ప్రతి రాత్రీ కొత్తది అడుగుతాడు. అంతోనియో చాకోన్ (1869–1929) ఆ బడిలో తేలినవాడు. గౌరవంగా "దోన్" చేర్చి పిలిపించుకున్న కాంతావోర్ ఆయన.

కాఫేలు మూతపడ్డాక మిగిలింది దొరల సరదా. సెవియాలో అలమేదా అనే పేట చుట్టుపక్కల సారా కొట్ల వెనక గదులుండేవి. గాయకులు బయట బల్లల దగ్గర అర్ధరాత్రి దాకా కాచుకునేవాళ్ళు. ఎవరో డబ్బున్నవాడు వచ్చి పిలిస్తే తెల్లారేదాకా పాడాలి. రేటు ముందు చెప్పుకోరు, ఇచ్చిందే తీసుకోవాలి, నిద్రొచ్చినా వెళ్ళకూడదు. మాన్యువెల్ తోర్రే అంతటి గాయకుడు 1933లో చేతిలో పైసా లేకుండా పోయాడు. 1922 జూన్‌లో గ్రనాదాలో స్వరకర్త ఫయా, కవి లోర్కా తదితరులు పెట్టిన పోటీలో 21 ఏళ్ళు దాటిన వృత్తిగాయకుల్ని రానివ్వలేదు, వాళ్ళ పాట చెడిపోయిందన్న అనుమానంతో. గెలిచినవాళ్ళలో ఒకరు ఎల్ తెనాసాస్ అనే ముసలాయన, ఇంకొకరు పన్నెండేళ్ళ మనోలో కరకోల్. ఆ నియమం అన్యాయమని నా అభిప్రాయం: బాణీల్ని మోసుకొచ్చింది ఆ వృత్తివాళ్ళే.

తర్వాత ఒపేరా ఫ్లమెంకా. ఎద్దుల పోటీ మైదానాల్లో వేలమంది ముందు పాట. ఒపేరా పేరు పెట్టుకుంటే పన్ను తక్కువ. అంత దూరం వినపడాలంటే పల్చగా పైకి దూసుకెళ్ళే గొంతు కావాలి, అందుకే ఫాందాంగోలు ఏలాయి, సెగిరియా మూలకు పోయింది. 1950ల్లో మళ్ళీ గాలి మళ్ళింది. 1956లో కోర్దోబా జాతీయ పోటీలో ఫోస్ఫొరీతో అనే గాయకుడు బహుమతులు ఊడ్చుకెళ్ళాడు, 1962లో అదే ఊళ్ళో అంతోనియో మైరేనా అనే గాయకుడికి బంగారు తాళంచెవి ఇచ్చారు, ఈ పాటలో అది పెద్ద గౌరవం. 1957లో ఉత్రేరాలో పొతాహే పండగ మొదలైంది. పొతాహే అంటే చిక్కుడు గింజల కూర. మొరోన్‌లో గస్పాచో, లెబ్రీహాలో కరకోలా, అదేమో నత్తల మీద వచ్చిన పేరు. పండగలన్నీ వంటింటి పేర్లతోనే.

ఇప్పటి సంవత్సరం సుమారుగా ఇలా నడుస్తుంది. చలికాలం పేన్యాలు, అంటే అభిమానుల సంఘాలు. గ్రనాదాలో ల ప్లాతెరియా 1949 నాటిది. ఈస్టర్ ముందటి పవిత్ర వారంలో సాయేతాలు, అంటే ఊరేగింపుల దగ్గర పాడే భక్తి పాటలు. వేసవిలో ఊరి పండగలు. ఆగస్టులో ల ఊనియోన్ గనుల పాటల పోటీ, 1961 నుంచి ఉంది, పెద్ద బహుమతి గనిదీపం. డిసెంబరులో హెరెస్‌లో సాంబోంబాలు, అంటే క్రిస్మస్ పాటల కూడికలు. ఏడాది పొడుగునా జీతం కావాలంటే తబ్లావో, అంటే ఫ్లమెంకో ప్రదర్శనశాల, ఒక్కటే గతి: మాద్రిద్, సెవియాల్లో పర్యాటకుల ముందు రాత్రికి రెండేసి ఆటలు, నాట్యానికి పాడాలి. విడి కచేరీని బోలో అంటారు.

బోలోల దగ్గర కాగితం చూసుకోవాలి. 1985 నాటి 1435 నంబరు రాజ డిక్రీ ప్రకారం ప్రదర్శన కళాకారుడు నిర్వాహకుడి దగ్గర ఉద్యోగే. ఆ రోజులకు సామాజిక భద్రతలో నమోదు చేయాల్సింది నిర్వాహకుడు, అతని ఆజ్ఞ కింద చేసే రిహార్సల్ కూడా పనివేళే. చేతికి డబ్బు ఇచ్చి పంపేస్తే ఆ రాత్రి లెక్కలో ఉండదు. ఇలాంటి రాత్రులు ముప్ఫై ఏళ్ళు పోగైతే పింఛను దగ్గర తెలిసొస్తుంది. సొంతంగా రాసుకున్న లెత్రాలు రచయితల సంఘంలో నమోదు చేసుకోవచ్చు. సంప్రదాయ లెత్రాలు ఎవరి సొత్తూ కావు.

అర్ధరాత్రి శ్రోత

అద్భుతం, ముగ్గురికీ దండాలు. రెండు చిన్న సందేహాలు. నాట్యానికి పాడటం తక్కువ పనా? ఇది జిప్సీలకే వస్తుందన్న మాట ఎంతవరకు నిజం? గొంతు సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు: పాత ప్లేటు

రెండోదానికి పొట్టి జవాబు. హితానోలు, అంటే స్పెయిన్ రోమా జనం, లేకపోతే ఈ పాట ఈ రూపంలో లేదు. హెరెస్‌లో సాంతియాగో, సాన్ మిగెల్ పేటలు, సెవియాలో త్రియానా వాళ్ళ ఇళ్ళే. కానీ సిల్వేరియో, చాకోన్, ఫోస్ఫొరీతో, ఎన్రీకే మొరెంతే హితానోలు కారు. రక్తం కన్నా ఇల్లు ముఖ్యం: పిల్లాడు కోంపాస్‌ను పెళ్ళిళ్ళలో, బారసాలల్లో లెక్కపెట్టకుండానే తాగేస్తాడు. బయటివాడు దాన్ని అంకెలతో నేర్చుకోవాలి, అంతే తేడా. ఇంట్లో పుట్టినా ఆడవాళ్ళకు దారి సులువుగా లేదు. పస్తోరా పవోన్, అంటే ల నీన్యా దె లోస్ పేనెస్, పసితనం నుంచే వేదికెక్కింది. హెరెస్‌లో పిరిన్యాకా మాత్రం భర్త పోయాకే బయట పాడగలిగింది.

జవాబు: వెనక వరస

నాట్యానికి పాడటాన్ని "పాత్రాస్", వెనక పాట, అంటారు. ముందు కుర్చీలో పాడేది "పాలాంతే". మొదటిది తక్కువ అనుకునేవాడు ఒక్కసారి అలెగ్రియాస్ అనే పాలోకు నిలబడి చూడాలి. "తిరితిత్రాన్" అంటూ ప్రవేశం, తర్వాత లెత్రా, నర్తకి పాదాలతో పిలుపు కొడుతుంది, యామాదా అంటారు. అది ముగిశాకే రెండో లెత్రా. తర్వాత సిలెన్సియో, పేరులోనే ఉంది, నోరు మూసుకోవాలి. అది దాటాక కాస్తెయానా అనే పొట్టి పాట, ఆపైన పాదాల పని సాగే ఎస్కోబియాలో మళ్ళీ మౌనం, చివర్న బులెరియాస్. చూపు నర్తకి ముఖం మీద కాదు, తుంటి మీద, పాదాల మీద ఉండాలి, పిలుపు అక్కడే ముందుగా కనిపిస్తుంది. జరిగే తప్పు ఒక్కటే: పంక్తి బాగా వచ్చిందని ముచ్చటపడి ఇంకో ఆవర్తం సాగదీయటం. ఆమె ముగింపు దెబ్బ అతని గొంతు కింద పడిపోతుంది. కాదిస్ గాయకుడు చానో లోబాతో (1927–2009) ఏళ్ళ తరబడి వెనకే పాడాడు. ముందుకొచ్చాక ఆయన కోంపాస్ ఎందుకంత గట్టిదో ఆ వెనక వరసే చెప్తుంది. మధ్యలో చప్పట్లు కూడా గాయకుడి బాధ్యతే: లెత్రా నడుస్తుంటే అరచేతులు గుల్లగా పట్టి మెత్తగా, పాదాల పని వచ్చినప్పుడు వేళ్ళతో గట్టిగా.

ఇక గొంతు. గరగరకు పేరు రాహో. పందొమ్మిదో శతాబ్దపు గాయకుడు ఎల్ ఫియో పేరు మీద ఆ తరహా గొంతును అఫియా అంటారు. అది ఒక రకం మాత్రమే. చాకోన్‌ది అది కాదు, సన్నని లయీనా గొంతుల్లోనూ మహానుభావులున్నారు. పుట్టుకతో గరుకు ఉన్నవాడు మెల్లగా మాట్లాడినా అది వినపడుతుంది. లేనివాడు గొంతు బిగించి తెచ్చుకుంటే కొన్నాళ్ళకు స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. గుర్తుపట్టటం తేలిక: ముందు పోయేది పై స్వరాలు కాదు, మెల్లగా పాడే శక్తి. తెంప్లేను గుసగుస స్థాయిలో ఎత్తుకుంటే గాలి మాత్రమే వస్తుంటే ఆ రాత్రి సెగిరియా వద్దు. బొంగురు మూడు వారాలు దాటితే గొంతు డాక్టరు అద్దం పెట్టి చూడాల్సిందే. మెంథాల్ బిళ్ళలు నొప్పిని కప్పేస్తాయి కాబట్టి పాడేముందు వాటికి దూరంగా ఉండాలి. ఆస్పిరిన్ కూడా వద్దు, వాచిన తంత్రిలో నెత్తురు చిమ్మే ప్రమాదం పెరుగుతుంది. సారా గొంతును వేడి చేస్తుందనేది పాత అబద్ధం, అది ఆరబెడుతుంది. పొగ సంగతి చెప్పక్కర్లేదు, పేరుమోసిన గాయకుడు కమరోన్ 1992లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో పోయేనాటికి 41 ఏళ్ళు.

కచేరీ వరస కూడా గొంతు లెక్కే. పేన్యాలో మధ్యలో విరామంతో రెండు భాగాలు. తియెంతోస్‌తోనో, నడిమి ఎత్తు సోలెయాతోనో గొంతు తెరుచుకోనివ్వాలి. సెగిరియా మొదటి భాగం చివర. బులెరియాస్, ఫాందాంగోలు ఆఖరికి. వేసవి పండగల్లో అసలు ఇబ్బంది పాడటం కాదు, కాచుకోవటం: పదింటికి పిలిచి అర్ధరాత్రి దాటాక ఎక్కిస్తారు. వేదిక వెనక కబుర్లు చెప్తూ కూర్చున్నవాడు పాడకముందే గొంతు సగం ఖర్చుపెట్టేస్తాడు. మెడకు గుడ్డ చుట్టుకుని మూల కూర్చున్నవాణ్ణి చూసి టెక్కు అనుకోవద్దు, మంచు పడుతుంది.

జవాబు: నాలుగో మెట్టు

పైవారు సాయేతా వదిలేశారు. మార్తినేతే, తోనాల లాగే అంకెలు పనికిరాని చోటు అది కాబట్టి కలుపుతున్నా. పవిత్ర వారపు ఊరేగింపులో మోసేవాళ్ళు పల్లకీని బాల్కనీ కింద ఆపుతారు. గిటారు లేదు, చప్పట్లు లేవు, తెంప్లేకు కూడా ఎక్కువ చోటుండదు. పాడే పద్ధతి సెగిరియా లేదా మార్తినేతే బాణీ. అప్పటిదాకా మోగిన బాకాల శ్రుతి చెవిలో ఉండిపోతుంది, పాడేవాడు తెలియకుండానే అక్కడ ఎత్తుకుంటాడు, బాకాలకు హాయిగా ఉన్న ఎత్తు గొంతుకు ఉండాలని లేదు. బ్యాండు ఆగాక రెండు ఊపిరులు వదిలేసి, మాట్లాడే గొంతు ఎత్తులోనే మొదటి పంక్తి పెట్టాలి. రెండో పంక్తిలో ఎక్కటానికి చోటు మిగలాలి. మొదటిదే పైన పెట్టేస్తే దించటానికి గిటారిస్టు లేడు, పల్లకీ కింద మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటూ ఉంటారు.